కాఫీవేళ బూర

ఎల్మెఫోర్స్,
1983 మార్చి 6, ఆదివారం, ఆరాధన అయ్యాక

ప్రభువునందు ప్రియమైన చెల్లెలు టీరాకు అన్నయ్య ఎఫ్రాయిము దీవెనలు.

ఇక్కడ దేవుని కృపకు లోటు లేదు. అక్కడ అర్విడ్ బావ మోకాలు ఎలా ఉంది? మీ వదిన డాగ్నీ నిన్న ఏలకుల రొట్టెలు కాల్చి, టీరాకి ఉత్తరం రాయండి, రాయండి అని నా ప్రాణం తీసింది. సరే, రాస్తున్నాను. అయితే సంగతి రొట్టెల గురించి కాదు.

పోయిన శరత్కాలంలో మన గాజు కార్ఖానా కొలిమి ఆర్పేశారని రాశాను కదా. నేను కుర్రతనం నుంచి ముప్ఫై ఏళ్లు గాజుకి గడ్డి చుట్టిన ఆ ప్యాకింగు కొట్టాన్ని ఇప్పుడు ప్రదర్శనశాల చేస్తున్నారు. వెక్షో పట్నం నుంచి లొవీసా అని ఓ చదువుకున్న పిల్ల వచ్చింది. మంచి పిల్ల, నేను మాట్లాడుతుంటే ఆవలించదు. గోడ పొడవునా ఒక అర కట్టిస్తోంది. ఈ ఊళ్లో గాజు ఊదిన ప్రతివాడి పేరూ ఆ అర మీద ఉంటుంది, పేరు వెనక అతను చేసిన వస్తువు ఒకటి ఉంటుంది. ఒకటే షరతు. అది అచ్చంగా అతనొక్కడి చేతిపని అయి ఉండాలి, ఇది ఫలానావాడిదే అని గట్టిగా చెప్పగలగాలి. వస్తువు లేకపోతే పేరూ లేదు. పెంతెకొస్తు ముందు శనివారం ప్రారంభం.

దీనికి కమిటీ పెద్ద ఎవరనుకున్నావ్? సిక్స్టెన్ క్వార్న్‌స్ట్రోమ్! నేను వాక్యం చెప్పే గంటకే వీధి అవతల అకార్డియన్ తీసి పోల్కా డాన్సు పాటలు మొదలెట్టేవాడే, వాడే. మొన్న నా కట్టెల కొట్టానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏవయ్యా బోధకుడూ, మా ఇంటి నుంచి గాజు హంస వచ్చింది, మా జట్టు హిల్మర్ ఇంటి నుంచి పంది వచ్చింది. మీ నాన్న పేరు వెనక ఏం పెట్టమంటావ్? ఒట్టి గాలా?"

వాడి హంసలూ పందులూ ఎక్కడివో నీకు చెప్పక్కర్లేదు. కాఫీ విరామంలో అందరూ కప్పు దగ్గరికి వెళ్తే, ఈ ఘనులు కార్ఖానా కొలిమిలోంచి, కార్ఖానా గాజు తీసి, సొంతానికి బొమ్మలు చేసుకునేవాళ్లు. అడగటం లేదు, చెప్పటం లేదు. కాఫీవేళ బొమ్మలు అని ముద్దు పేరొకటి! దొంగిలించకూడదన్న ఆజ్ఞకి కాఫీ విరామం ఉందా? నాన్న పోయిన మరుసటి చలికాలం నేను దాని మీద చేసిన ప్రసంగం నీకు గుర్తుండే ఉంటుంది. "నా తండ్రి అమాండుస్ హుల్ట్‌గ్రేన్ యాభై ఏళ్లు ఆ కొలిమి ముందు నిలబడ్డాడు, గోరంత గాజు ఇంటికి తేలేదు" అన్నప్పుడు మందిరంలో మగవాళ్లు కూడా ముక్కులు చీదారు. ఇప్పటికీ ఏటా ఒకసారి ఆ మాట చెప్పమని అడుగుతారు.

అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. నీతిమంతుడి ఇంట వస్తువు లేదు కాబట్టి అతని పేరు ఉండదు! కొలిమి సెగకి కనుబొమలు కాలిపోయిన మనిషి, ఆయన పేరు లేకుండా ఆ గోడ లేస్తుందా? టీరా, గోథెన్‌బర్గ్‌లో పాత సామాన్ల అంగళ్లు వీధికొకటి ఉంటాయట. వెతుకు. నాన్న చేసింది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కనిపెట్టు. వెదికేవాడికి దొరుకుతుందని సెలవిచ్చినవాడు అబద్ధమాడడు.

నీ అన్నయ్య,
ఎఫ్రాయిము


గోథెన్‌బర్గ్,
మార్చి 14

అన్నయ్యా,

ఉత్తరం అందింది. ఆయన మోకాలు అలాగే ఉంది, మెట్లెక్కేటప్పుడు మాత్రం లాటిన్‌లో తిట్టుకుంటున్నారు. నలభై ఏళ్లు బడిపిల్లలకి చెప్పిన లాటిన్ ఇన్నాళ్లకి ఉపయోగపడింది.

వదినకి చెప్పు, ఏలకులు దంచి వెయ్యాలి, పొడి కొని కాదు.

నువ్వు చెప్పావని హాగా వీధిలో అంగళ్లు తిరిగాను. ఒక అంగడతను ఏది పట్టుకున్నా ఎవరో గొప్పవాడి పేరు చెబుతాడు. గాజులో బుడగ ఉంటే ఒక కళాకారుడు, బుడగ లేకపోతే ఇంకొకడు. "ఇది ఊదినవాడెవరండీ?" అని అడిగితే, నేను పాల డబ్బా చూపించి ఆవు పేరు అడిగినట్టు చూశాడు.

చివరికి ఒక నీలం పూలకుండీ దొరికింది. అడుగున మన కార్ఖానా పేరూ, నమూనా గీసిన స్టాక్‌హోమ్ ఆవిడ పేరూ, చేసిన సంవత్సరమూ గీకి ఉన్నాయి. ఆ ఏట నాన్నే కదా గాజు ఊదే జట్టుకి మేస్త్రీ. బస్సు పార్శిల్లో పంపాను.

ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నాన్నకి ఆ అర మీద పేరు అంత అవసరమా? లేకపోతే ఆ షరతు కొంచెం సడలించమని ఆ అమ్మాయిని అడగకూడదా? నువ్వు అడిగితే కాదంటుందా?

టీరా


ఎల్మెఫోర్స్,
మార్చి 27, మట్టల ఆదివారం

చెల్లీ,

ప్రభువు గాడిద నెక్కి వచ్చిన రోజున నేను గాడిదనై ఇల్లు చేరాను. చెబుతాను విను.

నీ పూలకుండీ భద్రంగా అందింది. మీ వదిన వెంటనే అందులో విల్లో కొమ్మలు పెట్టేసింది. కొమ్మలు పీకి, తుడిచి, కోటు లోపల పెట్టుకుని కమిటీ ముందుకి వెళ్లాను. సిక్స్టెన్ దాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు.

"అబ్బ, పాత స్నేహితురాలు! రంగు ముద్ద తీసింది హిల్మర్. ఊదింది మీ నాన్న. అడుగు కట్టింది నేను. మూతి కోసింది సానపట్టే కొట్టంలో ఎవడో. ఈ సంతకం ఉంది చూశావా, ఇది స్టాక్‌హోమ్ ఆవిడ పెట్టింది కాదు. అక్షరాల తోకలు ఇలా మెలి తిప్పేది మన ఎల్సా, పక్క గదిలో కూర్చుని రోజంతా అందరి సంతకాలూ తనే గీకేది. ఇప్పుడు చెప్పు, దీన్ని ఎవరి పేరు వెనక పెట్టమంటావ్? నా పేరు వెనకా?"

అందరూ నవ్వారు. లొవీసా నవ్వలేదు, కానీ పెదవి కొరుక్కుంది. నేను చూశాను.

కాబట్టి అది చెల్లదు. జట్టుపని చెల్లదు. సంతకం నమ్మి సరుకు కొనే లోకంలో సంతకం కూడా ఇంకొకరిదేనట! మనుషులు పైరూపం చూస్తారని సమూయేలుకి చెప్పిన దేవుడు గాజు గురించే చెప్పాడేమో.

అది సరే. నీ ఉత్తరంలో ఒక వాక్యం నాకు ముల్లులా గుచ్చుకుంది. "అంత అవసరమా?" అన్నావ్. నాలుగు రోజులు దాన్ని నమిలాను. లాటిన్ పంతులుగారి భార్యవి, నీ ఇంటికొచ్చే వాళ్లకి కాఫీ గిన్నెలు కూడా పేరున్నవే. కాలిన చేతుల తండ్రి పేరు గోడకెక్కితే నీకు నామోషీగా ఉందా? చలిమంట దగ్గర నిలబడి "ఆయనెవరో నాకు తెలియదు" అన్న పేతురు కూడా నీకంటే నయం. కోడి కూయగానే ఏడ్చాడు.

కోపంతో రాయలేదు. ప్రేమతో రాశాను.

ఎఫ్రాయిము


గోథెన్‌బర్గ్,
మార్చి 30

ఎఫ్రాయిమన్నయ్యకి,

కోడి కూసింది. ఏడవలేదు, తిట్టాను. ఆయన లాటిన్ నాకూ కొంచెం వచ్చు.

పార్శిల్ పంపాను. విప్పు. ఇందులో ఏమీ రాయను, ఎందుకంటే నేను ఒకటి రాస్తే నువ్వు ఇంకొకటి చదువుతావు. చూశాక మాట్లాడు.

వదినకి ఈస్టర్ వందనాలు. నీకు ఆలోచించాక చెబుతాను.

టీరా


ఎల్మెఫోర్స్,
ఏప్రిల్ 9

టీరాకి,

నీ పార్శిల్ విప్పాను. బావగారి ఉన్ని లోపలి లాగులో చుట్టి ఏం పంపావే తల్లీ! గాజు బూర. గొట్టం మెలిక తిరిగి, మూర పొడవు కూడా లేని పిల్లల బూర. లేత ఆకుపచ్చ.

నాకు అర్థమైంది. నేను నాన్న పనితనం అడిగితే నువ్వు అంగట్లో దొరికిన కాఫీవేళ బొమ్మ పంపావు. నామోషీ అన్నానని నన్ను ఎత్తిపొడిచావు. సరే, భరించాను. ఇలాంటి బూరలు ఈ ఊళ్లో ఎవరు చేసేవాళ్లో నాకు తెలుసు. సంగీతం పిచ్చి ఉన్న దొంగ ఒక్కడే ఉన్నాడు. దాన్ని తీసుకుని నేరుగా సిక్స్టెన్ ఇంటికి వెళ్లాను. బల్ల మీద పెట్టాను.

"ఇదిగో, నీ పాపం గోథెన్‌బర్గ్ దాకా వెళ్లి తిరిగొచ్చింది. తీసుకో" అన్నాను.

సిక్స్టెన్ కళ్లజోడు పెట్టుకున్నాడు. తిప్పాడు. మూతి మీద బొటనవేలు ఆనించాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు చూడు, కుర్చీ కిర్రుకిర్రుమంది.

"ఒరే ఎఫ్రాయిమూ, ఇది నాది కాదురా. ఇది మీ నాన్నది!"

చచ్చినవాళ్ల మీద అబద్ధం! నేనేమన్నానో ఇక్కడ రాయను. నాలుక నిప్పు అని యాకోబు రాసింది నా కోసమే. టోపీ అక్కడే మర్చిపోయి వచ్చేశాను. రావడం రావడం తల మీద వడగళ్లు.

నువ్వు వెంటనే చెయ్యాల్సింది ఒకటి. ఆ బూర ఏ అంగట్లో కొన్నావో, ఆ అంగడివాడికి ఎవరు అమ్మారో కనుక్కుని తిరుగు టపాలో రాయి. సిక్స్టెన్ నోరు మూయించాలి. నాన్న పేరు అర మీద లేకపోతే పోయె, ఇలా బురదలో ఉండకూడదు.

ఎఫ్రాయిము


గోథెన్‌బర్గ్,
ఏప్రిల్ 13

అన్నయ్యా,

కూర్చుని చదువు. వదినని పక్కన కూర్చోబెట్టుకో.

ఏ అంగట్లోనూ కొనలేదు. ఆ బూర నాది.

నాకు ఏడేళ్లు. నీకు పద్నాలుగు, అప్పుడే మందిరం బ్యాండులో నీకు ఇత్తడి బాకా ఇచ్చారు. నువ్వు దాన్ని మెడలో వేసుకునే అన్నం తినేవాడివి. నేనూ ఊదుతానన్నాను. ఆడపిల్లలకి గిటారే అన్నారు సంఘ పెద్ద సాండెల్ గారు, ఆడపిల్ల బుగ్గలు పూరిస్తే చూడ్డానికి బాగుండదని కూడా అన్నారు. నేను పొయ్యి వెనక కూర్చుని ఏడ్చాను. నువ్వయితే నవ్వావు.

తరవాత ఒక రోజు నాన్న పని నుంచి వచ్చాడు, టిఫిన్ డబ్బాని కోడిగుడ్లు ఉన్నట్టు పట్టుకుని. మూత తీస్తే జున్ను గుడ్డలో చుట్టిన బూర. అమ్మ చూసి, "అమాండుస్, ఎవరి గాజు అది?" అంది. నాన్న టోపీ తీసి మేకుకి తగిలించి, "ఇప్పుడు టీరాది" అన్నాడు. అంతే. అమ్మ బంగాళాదుంపలు వడ్డించింది.

"మీ అన్నయ్యకి చెప్పకమ్మా" అన్నాడు నాతో. అప్పటికే నువ్వు భోజనాల బల్ల దగ్గర ప్రసంగాలు చేసేవాడివి.

నేలమాళిగలో దుంపల బస్తాల మధ్య ఊదుకునేదాన్ని. నువ్వు నాన్న గురించి ఆ ప్రసంగం చేసిన రోజు నేను మూడో వరసలో ఉన్నాను. జనం ముక్కులు చీదుతుంటే నేను నా చేతి తొడుగులు చూసుకుంటున్నాను. అప్పుడు లేచి ఏం చెప్పమంటావ్? నాన్నని పొగుడుతున్న కొడుకు నోరు ఎలా మూయను? ఊరు వదిలి వచ్చేటప్పుడు నా పావడాల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నాను.

"అంత అవసరమా" అని రాసినప్పుడు అది నా ఒళ్లోనే ఉంది, అన్నయ్యా. నామోషీ కాదు, నీ ప్రసంగం పగిలిపోతుందేమోనని భయం.

అచ్చంగా ఆయనొక్కడి చేతిపని. పెడతావో, తిప్పి పంపుతావో నీ ఇష్టం. తిప్పి పంపితే ఆ లాగులోనే చుట్టి పంపు, మీ బావకి చలేస్తోంది.

టీరా


ఎల్మెఫోర్స్,
ఏప్రిల్ 24

టీరా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. ఇప్పటికి కలం పట్టుకోగలిగాను.

ముందు, నువ్వు చిన్నపిల్లవి, ఇంకేదో దాన్ని ఇంకేదో అనుకుని ఉంటావని నన్ను నేను సముదాయించుకున్నాను. టోపీ కోసం సిక్స్టెన్ ఇంటికి వెళ్లాను. వాడు ఏమీ ఎగతాళి చెయ్యలేదు, అది మరీ ఘోరం. కాఫీ పోశాడు.

"ఎలా చెప్పావ్ మా నాన్నదని?" అన్నాను.

"మూతి చూడు. మేమంతా బూరలు చేసి గోడకి వేలాడదీసేవాళ్లం. ఊదే కడ్డీ నుంచి విరిచిన చోట మూతి రంపంలా ఉండేది, పెదవి పెడితే రక్తమే. కాఫీవేళ సరుకు సానకొట్టానికి వెళ్లదు కదా. మీ నాన్న ఒక్కడే దీన్ని మళ్లీ నిప్పుకి పట్టి, తడి కాగితంతో నున్నగా ఒత్తాడు. ఎవరో ఊదబోయే బూర కదా! ఇక్కడ వేలు పెట్టు."

గాజు తిప్పేటప్పుడు అరచేతిలో తడి పత్రిక మడిచి పట్టుకుంటారు కదా, మిగతావాళ్లు ఫుట్‌బాల్ వార్తల పత్రిక పట్టుకుంటే నాన్న మిషను వారపత్రికే పట్టుకునేవాడట. ఆ కాగితం మందం, మడత దగ్గర గట్టిగా తగిలి, ఆయన ఒత్తిన ప్రతి మూతి మీదా ఒక చోట చదును పడేది. సిక్స్టెన్ అన్నాడు, "దేవుని వాక్యం కాలిన వాసన నా ముక్కులో ఇప్పటికీ ఉంది."

వేలు పెట్టాను. ఆ చదును నాకు తెలుసు, టీరా. ముప్ఫై ఏళ్లు కూజాలకి గడ్డి చుట్టిన వేళ్లు ఇవి. ఆ కూజాల మూతుల మీద ఎన్నిసార్లు తగిలిందో, అది ఎవరిదో ఎప్పుడూ అడగలేదు.

"అనుమతి అడిగే చేసి ఉంటాడు" అన్నాను.

"అనుమతా! నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి, మేనేజరు వస్తే ఈల వెయ్యమన్నాడు. తనేమో కీర్తన పాడుతూ చేశాడు, ఎవరికీ అనుమానం రాకుండా. బలే గొంతు."

ఇంక నా నిర్ణయం. ఆ బూర అర మీదికి ఎక్కదు. నేను ఇన్నేళ్లు ఈ ఊరి ముందు నిలబెట్టిన మనిషి గోరంత గాజు తేనివాడు. బూర నిలబడితే ఆ మనిషి కూలిపోతాడు. ఆయన పేరు పరలోకంలో రాసి ఉంది, ప్యాకింగు కొట్టంలో లేకపోయినా ఫరవాలేదు. ఖాళీగా ఉండనీ. సిక్స్టెన్‌కి చెప్పి, ఎవరితోనూ అననని మాట తీసుకున్నాను. బూర నా దగ్గరే, భద్రంగా ఉంది.

ఎఫ్రాయిము

(టీరా, ఇది ఆయన చూడకుండా రాస్తున్నాను. పొద్దస్తమానం కట్టెలు కొడుతున్నారు, మూడు చలికాలాలకి సరిపడా అయ్యాయి. నిన్న కట్టెల కొట్టంలోంచి దూడ అరిచినట్టు వినిపించింది. మనకి దూడ లేదు. నీ వదిన, డాగ్నీ.)


గోథెన్‌బర్గ్,
మే 1

అన్నయ్యా,

ఇన్నాళ్లూ నువ్వు ప్రసంగించావు, నేను విన్నాను. ఈ ఒక్కసారి మూడో వరసలో నువ్వు కూర్చో.

కళ్లంలో ధాన్యం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దని మోషే ధర్మశాస్త్రంలో ఉందా, లేదా? ఆ ఎద్దు యజమానిని అడిగి గడ్డి పరక కొరికిందా? దావీదు ఆకలేసి తిన్న ఆ గుడారంలోని సన్నిధి రొట్టెలు యాజకులవి కావా? ప్రభువే ఆ కథ చెప్పి పరిసయ్యుల నోరు మూయించలేదా? నువ్వు నాకు నేర్పిన వాక్యాలే ఇవి, నీ మీదే పెడుతున్నాను.

పోనీ, తప్పే అనుకో. చేశాడు. కూతురు ఏడుస్తుంటే చూడలేక చేశాడు. నీ ప్రసంగంలో ఉన్న నాన్న ఎప్పుడూ ఏమీ తేలేదు, ఏమీ అడగలేదు, ఏమీ చెయ్యలేదు. అలాంటివాడు రాతిబొమ్మ అవుతాడు, నాన్న ఎలా అవుతాడు? నా నాన్నకి చేతులున్నాయి. దొంగచాటుగా కీర్తన పాడుకుంటూ, నా పెదవి కోసుకోకూడదని మూతిని మళ్లీ నిప్పుకి పట్టాడు. ఆ మాట నాకు ఇన్నేళ్లూ తెలియదు. నువ్వు రాస్తేనే తెలిసింది. అది చదివి ఏడ్చాను, ఇది నీ కోడికి చెప్పు.

ఆ షరతు ఏమిటి? ఇది ఫలానావాడిదే అని గట్టిగా చెప్పగలగాలి. నీ వేలే చెప్పింది కదా! ఊరంతా వెతికించి, దొరికాక నేలలో పాతిపెడతావా?

ఆయన మోకాలి ఆపరేషన్ సరిగ్గా పెంతెకొస్తు వారమే పడింది, ప్రారంభానికి రాలేను. కానీ నువ్వు దాన్ని దాచావని తెలిస్తే, ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చి, మందిరం గుమ్మంలో నిలబడి ఊదుతాను. బుగ్గలు పూరించి మరీ ఊదుతాను.

టీరా

వదినా, ఆ దూడకి ఏం మేత వేస్తున్నావ్?


ఎల్మెఫోర్స్,
మే 23, పెంతెకొస్తు సోమవారం

నా ప్రియమైన చెల్లీ,

దేవునికి స్తోత్రం, బావగారికి కొత్త మోకాలు! కుర్చీ తొయ్యాల్సిన పని పడలేదు. జరిగిందంతా వరసగా చెబుతాను, మధ్యలో లేచి వెళ్లకు.

పోయిన ఆదివారానికి ముందు ఆదివారం, బూరని కోటు లోపల పెట్టుకుని వేదిక ఎక్కాను. రాత్రంతా మూడు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను, ఎద్దూ అందులో ఉంది, నీ దగ్గర తీసుకున్నానని చెప్పుకోను. "సహోదరులారా, సహోదరీలారా, మా నాన్న గురించి మీకు ఏటా చెప్పే మాటలో ఒక వస్తువు తక్కువైంది" అన్నాను. బయటికి తీశాను. ఎలా చేశాడో, ఎవరి గాజో, గుమ్మంలో ఎవరు కాపలా కాశారో అంతా చెప్పాను. నోటికి పెట్టుకుని ఊదాను.

తల్లి కనిపించని దూడ. అంతకంటే మంచి శబ్దం నా చేత రాలేదు. గిటార్ల ఆడవాళ్లలో ఒకామెకి వెక్కిళ్లు పట్టుకున్నాయి.

నా మూడు వాక్యాలూ ఎగిరిపోయాయి. ఇదే నా ఆఖరి ప్రసంగం అనుకున్నాను. అప్పుడు హుల్దా సాండెల్ లేచింది. ఆడపిల్లలకి గిటారే అన్న ఆ సాండెల్ గారి భార్యే.

"నా దగ్గర పంది ఉంది" అంది.

"ఏ పందమ్మా?" అన్నాను.

"గాజు పంది. మా ఆయన చేసింది. మీ ప్రసంగం విన్న రోజు నుంచి పిండి డబ్బాలో ఉంటోంది."

వెనక నుంచి బిర్గర్ బెర్గ్‌దాల్ లేచాడు. "మా ఇంట్లో నేను చేసిన హంసలు. జత. అటక మీద." ఆర్గను వాయించే ఆవిడ, చూపు వాద్యం మెట్ల మీద పెట్టుకునే, "మా నాన్న గాజు చేతికర్ర, నిలువు గడియారం లోపల" అంది. ఇక ఆగలేదు చెల్లీ! గాజు చెప్పు ఒకరిది, గాజు కలం ఒకరిది, స్నానాల గదిలో ఒకరికి ఏకంగా గాజు చేప. నా మంద మొత్తం, ఒక్కొక్కరూ, నాకు భయపడి ముప్ఫై ఏళ్లుగా జంతువుల్ని దాచి పెంచుకుంటున్నారు! నోవహు ఓడ కూడా అంత నిండి ఉండదు. నేను వేదిక మీద కూర్చుండిపోయాను. జనం నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు, ఆమేన్ మాత్రం ఎవరో అన్నారు.

సోమవారం నుంచి కొట్టం ముందు బారులు. పిల్లల బండ్లలో, బకెట్లలో, దుప్పట్లలో తెచ్చారు. లొవీసా జుట్టు పీక్కుంది. సంతకం లేదు, గుర్తు లేదు, ఏది ఎవరిదో చెప్పేదెవరు? ఒక బల్ల వేసి నన్నూ సిక్స్టెన్‌నీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది. నేను వేలితో చూస్తాను, వాడు కంటితో చూస్తాడు, ఇద్దరం నోటితో పోట్లాడుకుంటాం.

"ఈ పంది సాండెల్‌ది కాదు. సాండెల్ పందులకి చెవులు నిలబడతాయి. ఇది వేలాడే చెవులది, హిల్మర్‌దే. సందేహం లేదు" అన్నాను నేను.

హుల్దా నా వీపు మీద గొడుగుతో పొడిచింది. "మా ఆయనదే! నాకు పెళ్లికి ముందు ఇచ్చింది. చెవులు నిలబెట్టడం పెళ్లయ్యాక నేర్చుకున్నాడు."

సిక్స్టెన్ బల్ల కిందికి వంగిపోయాడు నవ్వలేక. దాని మీద నేను వాదించలేదు. కానీ బెర్గ్‌దాల్ హంసల్లో రెండోది మాత్రం అతను చేసింది కాదు, ఆ మెడ వంపు వేరే చెయ్యి. ఈ విషయంలో నేను చచ్చేదాకా తగ్గను. సిక్స్టెనూ తగ్గడు. రేపు మధ్యాహ్నం మళ్లీ కూర్చుంటాం, వాడు హెర్రింగు చేపలు తెస్తాడు, మీ వదిన జున్ను కేకు చేస్తుంది.

ఇప్పుడు శనివారం సంగతి. వస్తువుల ముందు చీటీలు రాస్తున్నారు. లొవీసా నాన్న బూర దగ్గరికి వచ్చి, "ఏం రాయమంటారండీ?" అంది. చెప్పాను. రాయబోయి ఆగింది.

"ఈ చివరి మాట అవసరమాండీ? ప్రదర్శనశాలల్లో ఇలా రాయరు."

"అది లేకపోతే బూర కిందికి దించెయ్యండి. నిజం సగం చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది" అన్నాను.

"రాయవమ్మా," అన్నాడు సిక్స్టెన్, "లేకపోతే ఈయన ఇక్కడే వాక్యం మొదలెడతాడు."

రాసింది. చదువుకో:

బూర. అమాండుస్ హుల్ట్‌గ్రేన్, గాజు ఊదేవాడు. కూతురు టీరా కోసం, కాఫీ వేళ, కార్ఖానా గాజుతో, ఎవరినీ అడక్కుండా.

హుల్దా కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివింది. "మా ఆయన మాత్రం అడిగాడా? నా పందికీ అదే రాయండి" అంది. తరవాత బెర్గ్‌దాల్ అడిగాడు. తరవాత చేతికర్ర వాళ్లు. మందిరం వాళ్లు రాయించుకుంటే మేమేం తక్కువ అని మిగతా ఊరూ లైను కట్టింది. చీకటి పడేసరికి ఆ గోడ ఈ చివర నుంచి ఆ చివరి దాకా, ప్రతి పేరు కిందా ఒకటే మాట: ఎవరినీ అడక్కుండా, ఎవరినీ అడక్కుండా. కీర్తనకి పల్లవిలా ఉంది. నాన్న సరిగ్గా మధ్యలో ఉన్నాడు.

ఒక్క చీటీకే ఆ మాట లేదు. సిక్స్టెన్ పెద్ద హంస ఉంది కదా, ఊరంతా చూసి కుళ్లుకున్నది. అది మేనేజరుగారి భార్య పుట్టినరోజుకి, ఆవిడే పిలిచి, ఫలానా రంగులో చెయ్యమని చెప్పి చేయించుకున్నదట! ఆవిడ పోయాక వాడి దగ్గరికి తిరిగొచ్చింది. ఇది వాడు నాకు ఒక్కడికే, కొట్టం వెనక్కి తీసుకెళ్లి చెప్పాడు.

"ఎఫ్రాయిమూ, నీ కాళ్లు పట్టుకుంటాను, నాకూ ఆ మాట రాయించు. యాభై ఏళ్లుగా దొంగననుకుంటున్నారు ఈ ఊళ్లో. ఇప్పుడు అడిగి చేశానని తెలిస్తే నా పరువేం కావాలి?"

చెల్లీ, నాకు జాలేసింది. కానీ చీటీ మీద అబద్ధం రాయిస్తానా? వాడి హంస ఒంటరిగా, నీతిగా, తెల్లగా నిలబడి ఉంది. వచ్చినవాళ్లంతా దాని ముందు ఆగి, వాడి వైపు చూసి, తల అటూ ఇటూ ఆడిస్తున్నారు.

మోకాలు నడవగానే ఇద్దరూ రండి. కొట్టం తాళంచెవి నా దగ్గర ఒకటి ఉంది. ఆ బూరలో సరైన శబ్దం ఎలా వస్తుందో నాకు నేర్పు.

బూర చేసినవాడి కొడుకు,
ఎఫ్రాయిము